నాలుగు హద్దుల కుక్క

ఎర్రగుంటపాడు మునిసిపాలిటీలో ఒక బుధవారం పొద్దున కమిషనర్ గారి పెంపుడు కుక్క పోస్ట్‌మ్యాన్ పిక్క పట్టుకుంది. ఆ పై సోమవారం నుంచి ఊళ్ళో రాట్‌వీలర్ లాంటి పెద్ద కుక్కల మీద ఆంక్షలు వచ్చాయి.

ఈ రెంటికీ సంబంధం ఏమిటని కౌన్సిల్ సమావేశంలో ఒకాయన అడిగాడు. కమిషనర్ గారిది తెల్లటి బొచ్చు కుక్క. పేరు స్వీటీ. సోఫా మీద దిండు కన్నా చిన్నది. అంత చిన్నదే కరవగలిగితే ఊళ్ళో ఉన్న పెద్ద కుక్కలు ఇంకెంత కరవగలవో ఊహించుకోమని సమాధానం వచ్చింది. అడిగినాయన ఊహించుకుని కూర్చున్నాడు.

కమిషనర్ గారు కవి. పొద్దున లేస్తూనే, పళ్ళు తోముకోకముందే, ఒక కవిత ఫోన్లో పెట్టేవారు. తొమ్మిదిన్నర లోపల సిబ్బంది అందరూ దాని కింద ఎర్ర గుండె బొమ్మ నొక్కాలి. నొక్కనివాడికి ఆ రోజు హాజరు పడదు. చెత్తబండ్ల డ్రైవర్లు ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని బండి తోలేవారు. అలాంటి మనిషి కుక్కల సమస్యను మామూలు అధికారిలా చూడలేదు. పద్నాలుగు పేరాల సర్క్యులర్ ఒకటి సొంతంగా రాశారు.

“రాట్‌వీలర్, పిట్‌బుల్, జర్మన్ షెపర్డ్ అను మూడు జాతుల శునకములను లోకము అపార్థము చేసుకున్నది. సమస్య కాటులో లేదు, అపార్థములో ఉన్నది. అపార్థమునకు మందు భావవ్యక్తీకరణ. కావున సదరు శునకముల యజమానులు తమ శునకము యొక్క సున్నిత స్వభావమును గూర్చి స్వీయ కవిత ఒకటి రచించి ‘శునక హృదయం’ యాప్‌లో ఉంచవలెను. పదిహేను దినములలో రెండువందల హృదయములు పొందిన శునకము సాధు శునకముగా పరిగణింపబడును. పొందని శునకము బండి ఎక్కింపబడును.”

బండి ఎక్కిన కుక్క ఎక్కడ దిగుతుందో సర్క్యులర్‌లో లేదు. ఎక్కినదేదీ తిరిగి రాలేదని మాత్రం ఊళ్ళో అందరికీ తెలుసు. కుక్కను ఒకసారి చూడాలని గానీ, పక్కింటివాణ్ణి అడగాలని గానీ ఆ పద్నాలుగు పేరాల్లో ఎక్కడా లేదు.

చివరి పేరాలో శిక్ష ఉంది. “మూడు జాతులలో ఏ శునకమైనను కరిచినట్లు నమోదైనచో, శునకము బండి ఎక్కుటయే గాక, దాని యజమాని రచించిన కవితలన్నియు యాప్ నుండి శాశ్వతముగా తొలగింపబడును.” ఈ శిక్ష ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. కమిషనర్ గారు మాత్రం ఆ వాక్యం మూడుసార్లు కొట్టేసి మళ్ళీ రాశారట. మనిషికి ఇంతకు మించిన శిక్ష వెయ్యడం తన వల్ల కాదన్నారట.

ఈ కాగితం బైపాస్ రోడ్డు పక్కనున్న మిర్చి కోల్డ్ స్టోరేజీకి శనివారం చేరింది. అక్కడ కాపలా మనిషి దేవదానం. డెబ్బై దగ్గర పడ్డవాడు. మూడో తరగతి దాకా బడికి పోయాడు. మాట్లాడాల్సిందంతా ఆ మూడేళ్ళలోనే మాట్లాడేసినట్టు, తర్వాత పెద్దగా నోరు విప్పలేదు.

అతని కుక్క బండోడు. నల్లగా, నింపిన బస్తాలా ఉండే రాట్‌వీలర్. కోల్డ్ స్టోరేజీ ఆసామి కాపలాకని హైదరాబాదు నుంచి కారులో తెప్పించాడు. వీడు మొరగడని, కాటా మీద బస్తా దబ్బున పడితే బల్ల కిందకి దూరతాడని వారంలో తేలిపోయింది. “నువ్వే పెంచుకోవయ్యా” అని ఆసామి దేవదానానికి వదిలేశాడు. ఆరేళ్ళయింది. దేవదానం ఎక్కడ చెప్పులు విడిచి కూర్చుంటే బండోడు అక్కడ ఆ చెప్పుల మీద తల పెట్టి పడుకుంటాడు. దేవదానం లేవాలంటే ముందు ఆ తల ఎత్తి పక్కన పెట్టాలి. రోజుకి ఇరవైసార్లు ఎత్తుతాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

బండోడికి ఉన్న జబ్బు ఒక్కటే, తుమ్ములు. మిర్చి ఘాటుకి మనుషులే తట్టుకోలేరు, కుక్క ముక్కు సంగతి చెప్పేదేముంది. తుమ్ము రాబోయే ముందు బండోడి పెదవులు పైకి లేస్తాయి, పళ్ళన్నీ బయటపడతాయి, గొంతులో గుర్రుమంటుంది. చూసినవాడు పరిగెత్తుతాడు. తర్వాత వచ్చే తుమ్ము వినడానికి ఇప్పటిదాకా ఎవరూ ఆగలేదు.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ కోటిలింగం గేటు బయటే నిలబడి, కాగితాన్ని చువ్వల్లోంచి లోపలికి తోశాడు. అంతకు ముందు ఆయన మురిక్కాలవలు చూసేవాడు. ఇప్పుడు ఆయన హోదా భావుకతా పర్యవేక్షణాధికారి. కాలవల్ని ఎవరూ చూడటం లేదు.

“ఇది నీ శునకమేనా?”

“ఆఁ.”

“దీని అంతరంగం ఎట్టాంటిది?”

దేవదానం బండోడి వైపు చూశాడు. “పెరుగన్నం తింటది.”

“అది ఆహారం. నేను అంతరంగం అడుగుతున్నాను.”

“కరవదు.”

“కరవదని నోటితో అంటే చెల్లదు పెద్దాయనా. కవితాముఖంగా అనాలి. నీ గుండెలోంచి ఒక ఆర్ద్రత ఉబికి రావాలి. వచ్చే శనివారం కాదు, ఆ పై శనివారం లోపల ఉబికి రావాలి. లేదంటే బండి వస్తుంది.”

అప్పుడే బండోడికి తుమ్ము రాబోయింది. పళ్ళు బయటపడ్డాయి. కోటిలింగం జీపు ఎక్కడం ఎవరికీ కనపడలేదు, జీపు వెళ్ళడమే కనపడింది.

ఎదురుగా టీకొట్టు సామ్రాజ్యానిది. ఆమె గ్లాసు పట్టుకుని రోడ్డు దాటి వచ్చి, కాగితం అంతా చదివి వినిపించింది. దేవదానం విని, టీ తాగి, గ్లాసు కింద పెట్టాడు.

“ఇప్పుడేం చేత్తావు బాబాయ్?”

“నీ ఫోన్లో రాయి.”

“చెప్పు.”

“ఇది నా కుక్క. ఎవర్నీ కరవదు.”

సామ్రాజ్యం టైపు చేసి, ఇంకా వస్తుందేమోనని చూసింది. “ఇంతేనా? మరీ రెండు మాటలేంది బాబాయ్?”

“ఉన్నయ్యి అయ్యే.”

మూడో రోజున జవాబు వచ్చింది. “సదరు రచనలో ఉపమానము లేదు. వేదన లేదు. చెప్పదలచిన విషయము సూటిగా తెలియుచున్నందున దీనిని కవితగా పరిగణించుటకు వీలుపడదు.” అప్పటికి మూడు గుండెలు పడ్డాయి. ఒకటి సామ్రాజ్యానిది, ఒకటి ఆమె మొగుడిది. మూడోది ఎవరో చెయ్యి తగిలి నొక్కారు. సాయంత్రానికి వాళ్ళు అది వెనక్కి తీసేసుకున్నారు.

ఊరంతా ఇదే గోల. పోలీసు స్టేషన్‌లో ఉన్న జర్మన్ షెపర్డ్‌కి కూడా మినహాయింపు దొరకలేదు. హెడ్‌కానిస్టేబుల్ ఒకాయన దొంగతనం కేసు పక్కన పెట్టి, మూడు రోజులపాటు ప్రాస కోసం గాలించాడు. నూటనలభై దగ్గర ఆగిపోయింది. దొంగల్ని పట్టిన కుక్క బండి ఎక్కింది. దొంగ దొరకలేదు గానీ, స్టేషన్ ముందు నిలబడి కుక్క వెళ్తుంటే చూశాడని చెప్పుకున్నారు.

ప్లాట్లు అమ్మే వీరబాబుకి ఒక పిట్‌బుల్ ఉంది. అది అంతకు ముందే ఇద్దరిని కరిచింది. వీరబాబు పట్నం నుంచి పాటలు రాసే మనిషిని పిలిపించాడు. ఆయన కుక్కను చూడలేదు. హోటల్ గదిలో కూర్చుని, దాని కళ్ళల్లో రెండు నదులు ప్రవహిస్తున్నాయని రాశాడు. ప్లాట్లు కొన్నవాళ్ళు, కొనాలనుకున్నవాళ్ళు, కొని మునిగినవాళ్ళు అందరూ నొక్కారు. నాలుగువేల మూడువందల గుండెలు. పిట్‌బుల్ మెడకి ‘సాధు శునకం’ అని ఆకుపచ్చ పట్టీ కట్టారు. ఆ పట్టీతోనే అది మర్నాడు రాహేలమ్మను కరిచింది.

రాహేలమ్మ కోల్డ్ స్టోరేజీ ముందు షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే కూలి మనిషి. కుంటుకుంటూ ప్రభుత్వాసుపత్రికి పోయింది. సూదికి ముందు మునిసిపాలిటీ నుంచి కాటు ధ్రువీకరణ తెమ్మన్నారు. మునిసిపాలిటీకి పోతే అప్పటికే రెండో సర్క్యులర్ సిద్ధంగా ఉంది. కరవబడిన వ్యక్తి గాయ కవిత రాయాలి. శునకం కవిత కన్నా గాయం కవితకి ఎక్కువ గుండెలు వస్తేనే కాటు జరిగినట్టు. తక్కువ వస్తే జరగనట్టు. రాహేలమ్మ రాయించి పెట్టింది. పందొమ్మిది వచ్చాయి.

“మరి ఇదేందండీ?” అని ఆమె చీర కుచ్చిళ్ళు పైకి జరిపి కాలు చూపించింది. నాలుగు పళ్ళ గాట్లు, చుట్టూ వాపు.

కోటిలింగం ఫోన్ చూశాడు గానీ కాలు చూడలేదు. “నాలుగువేల మూడువందల మంది ఆ కుక్క సాధువంటున్నారమ్మా. నువ్వొక్కదానివి కాదంటున్నావు. ప్రజాస్వామ్యం ఏమంటుంది?”

“నా కాలు ఏమంటందో అడగండి ముందు.”

“పందొమ్మిది అంటుంది.”

రాహేలమ్మ బస్సెక్కి గంట దూరంలో ఉన్న జమ్మలపాలెం పోయి అక్కడ సూది వేయించుకుంది. తిరిగొచ్చి తొడిమలు తీస్తూ ఈ సంగతంతా దేవదానానికి చెప్పింది.

“కరిచినదానికి పట్టీ కట్టారు బావా. ఇంక నీ బండోణ్ణి ఉంచుతారా?”

దేవదానం బండోడి తల ఎత్తి పక్కన పెట్టి, చెప్పులు తొడుక్కుని, రిజిస్ట్రారాఫీసు వైపు నడిచాడు. ఇంకా అయిదు రోజులే ఉన్నాయి.

రిజిస్ట్రారాఫీసు ముందు రేకుల పందిరి కింద దస్తావేజులు రాసేవాళ్ళు బల్లలు వేసుకుని కూర్చుంటారు. వాళ్ళంతా ఇప్పుడు కుక్కల కవితల్లోకి దిగారు. చివరి బల్ల పేరయ్యది. నలభై ఏళ్ళుగా అమ్మకాలు, తనఖాలు, పంపకాలు, దఖళ్ళు తప్ప వేరే ఏదీ రాసి ఎరగడు. కూతురి పెళ్ళి శుభలేఖలో కూడా వధువును సర్వహక్కులతో అప్పగించినట్టు రాశాడని వాళ్ళావిడ ఇప్పటికీ అంటుంది.

“దా దేవదానం, కూర్చో. కుక్కేనా?”

“ఆఁ.”

“ఎవరికి రాయమంటావు?”

దేవదానానికి అర్థం కాలేదు.

“కాయితం అన్నాక రాసిచ్చేవాడు ఒకడుండాలి, రాయించుకునేవాడు ఒకడుండాలి. ఊరికే గాల్లోకి రాస్తే దాన్ని ఎవడు నమ్ముతాడు? ఎవరికి చేరాలి ఇది?”

“కమిషనర్ గారికే గదా.”

“అట్టా చెప్పు. కుక్క మూతి ఎటు పెట్టి పడుకుంటది?”

“తూరుపు.”

“తోక పడమర. బాగుంది. ఉత్తరాన ఏముంటది?”

“నా చెప్పులు.”

“దక్షిణాన?”

“సామ్రాజ్యం టీకొట్టు.”

పేరయ్య కళ్ళజోడు సర్దుకుని, ఒక్క కొట్టివేత లేకుండా రాసుకుంటూ పోయాడు. సాయంత్రం సామ్రాజ్యం దాన్ని ఫోన్లోకి ఎక్కించింది.

“ఎర్రగుంటపాడు మునిసిపల్ కమిషనర్ వారికి
కోల్డ్ స్టోరేజీ కాపలాదారు దేవదానం
మనఃపూర్వకముగా, ఎవరి బలవంతమూ లేక
రాసి ఇచ్చిన కాగితం.
తూర్పు: తడి ముక్కు.
పడమర: ఊగే తోక.
ఉత్తరం: నా చెప్పుల జత.
దక్షిణం: టీకొట్టు పొగ.
ఈ నాలుగు హద్దుల మధ్య గల నల్ల కుక్క ఒకటి,
అందులోని ఊపిరి, ఆకలి, నిధి నిక్షేపములు,
వచ్చిన తుమ్ములు, రాబోవు తుమ్ములతో సహా
ఈ రోజున తమ స్వాధీనం చేయడమైనది.
పుత్రపౌత్ర పారంపర్యముగా, ఆచంద్రతారార్కము
తమరు అనుభవించగలరు.
ఇకమీదట దీని మంచిచెడ్డలు తమవే.
నాకు గానీ నా వారసులకు గానీ ఏ సంబంధమూ లేదు.”

సామ్రాజ్యం చివర్లో ఆగిపోయింది. మర్నాడు టీ తాగడానికి పేరయ్య వస్తే నిలదీసింది.

“ఇదేంది పేరయ్య గారూ, కుక్కని ఆయనకి ఇచ్చేసినట్టుందే?”

“కవిత్వంలో ఇచ్చేత్తే ఇచ్చినట్టు కాదులేమ్మా. కవులు చందమామని ఇచ్చేత్తారు, ఎవరన్నా ఇంటికి తెచ్చుకున్నారా?”

“మరి ఆ మాటలు తీసెయ్యొచ్చుగా?”

“తీసేత్తే దస్తావేజు చెల్లదు” అన్నాడు పేరయ్య.

రెండు రోజులు ఎవరూ పట్టించుకోలేదు. అయిదు గుండెలు వచ్చాయి. గురువారం పొద్దున, తన కవిత పెట్టుకున్నాక, కమిషనర్ గారి వేలు జారి దీని మీద పడింది. ఆయన చదివారు. మళ్ళీ చదివారు. తర్వాత అందరికీ కనపడేలా దాని కింద ఇలా రాశారు: “హద్దులు లేని ప్రేమకు హద్దులు గీసిన మహాకవిత. సమర్పణ అంటే ఇది. దీనిలోని ప్రతి అక్షరాన్నీ మనఃపూర్వకంగా స్వీకరిస్తున్నాను.”

కమిషనర్ స్వీకరించాక మునిసిపాలిటీ ఊరుకోదు. పట్టణ ప్రణాళికాధికారి “ఈ స్వీకారానికి నేనూ ఒక సాక్షిని” అని రాశాడు. కోటిలింగం “రెండో సాక్షిని నేనే” అని రాశాడు. నీళ్ళ పన్ను విభాగం, వీధి దీపాల విభాగం, చెత్తబండ్ల డ్రైవర్లు అందరూ నొక్కారు. మధ్యాహ్నానికి ఆరువేలు దాటింది. అదే కోటిలింగం కోల్డ్ స్టోరేజీకి వచ్చి, ఈసారి గేటు లోపల ఒక అడుగు పెట్టి, శనివారం కల్యాణ మండపంలో శునక హృదయ సమ్మేళనమని, దేవదానానికి శాలువా అని, బండోడికి పట్టీ అని చెప్పిపోయాడు.

“బండి రాదుగా?” అన్నాడు దేవదానం.

“బండి అక్కడే ఉంటుంది. గుండెలు చాలని కుక్కల్ని అటు నుంచి అటే ఎక్కిస్తాం. కవిహృదయం కలవాడివి, నీకెందుకు భయం?”

శనివారం మండపం నిండిపోయింది. అయిదువందల మంది, నలభై కుక్కలు. వెనక గుమ్మం దగ్గర బండి, తలుపులు తెరిచి ఉంది. దేవదానం ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పేరయ్య రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వేదిక మెట్ల దగ్గర చెప్పులు విడిచాడు. బండోడు వాటి మీద తల పెట్టి పడుకున్నాడు. మిరప ఘాటు లేని గాలి, హాయిగా నిద్రపట్టింది.

వేదిక మీద కమిషనర్ గారి ఒళ్ళో స్వీటీ ఉంది. మెడలో మల్లెల దండ. కమిషనర్ గారు దాన్ని కింద దించి మైకు అందుకున్నారు.

“మిత్రులారా! కుక్క కరవదు. మనలోని అపార్థమే మనల్ని కరుస్తుంది. కాటు అనేది పంటికీ చర్మానికీ మధ్య జరిగే ఒక సంభాషణా లోపం. ఆ లోపాన్ని ఈ పట్టణంలో కవిత్వంతో పూడ్చాం. గుంతలు లేని పట్టణాలు చాలా ఉండొచ్చు. అపార్థాలు లేని పట్టణం మనదొక్కటే.”

చప్పట్లు. దేవదానం వేదిక ఎక్కి శాలువా కోసం వంగాడు. స్వీటీ అతని పిక్క పట్టుకుంది.

పట్టుకుని వదల్లేదు. దేవదానం అరవలేదు, అరిచే అలవాటు లేదు. కాలు రెండుసార్లు విదిలించాడు. తెల్లటి బొచ్చు కుక్క మల్లెల దండతో సహా గాల్లో ఊగింది. తర్వాత నెత్తురు కారి వేదిక మీది తివాసీ మీద పడింది. అయిదువందల మందీ చూశారు. మెట్ల దగ్గర బండోడు నిద్రలో ఒకసారి తోక ఆడించాడు.

ఇంతమంది ముందు జరిగాక నమోదు చెయ్యకపోతే బాగుండదని కోటిలింగం ఫోన్ తీశాడు. అందులో ‘కరిచిన శునకం జాతి’ అని ఒక గడి. ఆ గడిలో మూడే జాతులున్నాయి. బొచ్చు కుక్క లేదు. ఆయన గడి వైపు చూశాడు, కమిషనర్ వైపు చూశాడు, మెట్ల దగ్గర నిద్రపోతున్న బండోడి వైపు చూశాడు. రాట్‌వీలర్ నొక్కాడు.

“అయ్యా, నమోదైంది. నియమం ప్రకారం దీన్ని బండి ఎక్కించాలి.”

“అదెక్కడ కరిచిందండీ!” అని సామ్రాజ్యం కింద నుంచి కేక పెట్టింది. “అది నిద్రపోతంటే! కరిచింది మీ స్వీటీ! కళ్ళు ఫోన్లో పెట్టుకుని పుట్టారా?”

“చూడమ్మా” అన్నారు కమిషనర్ గారు, తివాసీ మీద పడిన మల్లెలు ఏరుకుంటూ. “కంటికి కనపడేది దృశ్యం. నమోదైనది సత్యం. కవిగా నాకు బాధగా ఉంది. అధికారిగా నిస్సహాయుణ్ణి.”

ఇద్దరు మనుషులు వచ్చి బండోడి మెడకి తాడు వేశారు. బండోడు లేచి, ఎక్కడికో షికారు అనుకుని, దేవదానం చెప్పు ఒకటి నోట కరచుకుని వాళ్ళ వెంట నడిచాడు.

దేవదానం ముప్పై ఏళ్ళ కాపలాలో కూడా అంత గట్టిగా మాట్లాడి ఉండడు. “ఆగండి” అన్నాడు.

ఆగారు.

“అది ఎవరి కుక్క?”

“ఎవరిదేమిటి, నీదే” అన్నాడు కోటిలింగం.

దేవదానం జేబులోంచి కాగితం తీసి, కింద కూర్చున్న పేరయ్య వైపు చాపాడు. పేరయ్య లేచాడు. నలభై ఏళ్ళుగా తను రాసిన కాగితాల మీద వచ్చిన తగాదాలు చూసినవాడు. అలవాటుగా గొంతు సవరించుకున్నాడు.

“కాయితం తేదీ సోమవారం. స్వాధీనం చేసినది దేవదానం. గురువారం పొద్దున ఎనిమిది ముప్పావుకి మనఃపూర్వకంగా స్వీకరించినది కమిషనర్ గారు, ఆరువేల మంది ఎదట. ఒకటో సాక్షి ప్రణాళికాధికారి గారు. రెండో సాక్షి, ఇదుగో, కోటిలింగం గారు. ఆనాటి నుంచి కుక్క మంచిచెడ్డలు స్వీకరించినవారివే. తమ కుక్క దేవదానాన్ని కరిచిందని తమరే నమోదు చేయించారు. మంచిదే. మరి ఆఖరు పేరా ప్రకారం యజమాని కవితలన్నీ తీసేయాలి గదా. ఎన్ని ఉంటయ్యండీ తమరివి?”

కమిషనర్ గారి మొహంలో రంగు పోయింది. రెండువేల ఎనిమిదివందల కవితలు. ఒక్కటి కూడా వేరే చోట రాసి పెట్టుకోలేదు.

“అది అలంకారం కదయ్యా!” అన్నారు. మైకు ఇంకా చేతిలోనే ఉంది, ఆ సన్నటి గొంతు అందరికీ వినపడింది.

“తమరి కోటిలింగం గారు నొక్కింది కూడా అలంకారమేనా?” అన్నాడు పేరయ్య.

కమిషనర్ గారు నియమాలు రాసినవారే గనుక దారి కూడా ఆయనకే తట్టింది. దేవదానం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగారు. “పెద్దాయనా, నువ్వు గాయ కవిత రాస్తావా?”

“రాయను.”

“రాయకపోతే గుండెలు సున్నా. సున్నా అయితే కాటు జరగలేదు. కాటు జరగకపోతే ఏ కుక్కా కరవలేదు. కోటిలింగం, నమోదు కొట్టెయ్యి!” ఊపిరి పీల్చుకున్నారు. “తీసుకుపోవయ్యా నీ కుక్కని.”

దేవదానం కదల్లేదు. “రాసియ్యండి.”

“ఏమని?”

“నా కుక్కేనని.”

బండి తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి. రెండువేల ఎనిమిదివందల కవితలు ఇంకా ఆయన కళ్ళ ముందే ఆడుతున్నాయి. కమిషనర్ గారు ఆహ్వాన పత్రం తిరగేసి, జీవితంలో మొదటిసారి ఉపమానం కోసం ఆగకుండా రాసి, సంతకం పెట్టారు. సామ్రాజ్యం అందుకుని పైకి చదివింది.

“‘ఇది దేవదానం కుక్క. ఎవర్నీ కరవదు.’” ఆమె తలెత్తింది. “ఓరి నాయనో, మొదట మనం పెట్టింది ఇదే గదా బాబాయ్!”

దేవదానం కాగితం జేబులో పెట్టుకున్నాడు. బండోడి నోట్లోంచి చెప్పు తీసుకుని తొడుక్కున్నాడు. ఈలోగా కోటిలింగం, కమిషనర్ గారు ఏది రాసినా యాప్‌లో పెట్టే అలవాటు కొద్దీ, ఆ రెండు వాక్యాలూ పెట్టేశాడు. సాయంత్రానికి పదకొండువేల గుండెలు. ఉపమానాన్ని జయించిన కవిత అని ఒకాయన, ఈ సూటిదనం సాధనతో గాని రాదని ఇంకొకాయన వ్యాసాలు రాశారు.

కాలు మాత్రం వాచింది. సామ్రాజ్యం సబ్బుతో కడిగి, మొగుడి ఆటోలో ఎక్కించి జమ్మలపాలెం తీసుకుపోమంది. ఎర్రగుంటపాడు ఆసుపత్రిలో జరగని కాటుకి సూది లేదు. బండోడు కూడా ఎక్కాడు. ఆసుపత్రి మెట్ల దగ్గర దేవదానం చెప్పులు విడిస్తే వాటి మీద తల పెట్టి పడుకున్నాడు.

జమ్మలపాలెం నర్సు కాలు చూసింది. ఫోన్ చూడలేదు. దేవదానానికి అదే వింతగా అనిపించింది.

“ఏ కుక్క తాతా?”

“కవి గారిది.”

“అయితే సూదులన్నీ తప్పకుండా వేయించుకో. మళ్ళీ మూడో రోజు రావాలి, మర్చిపోవాకు.”

సూది అయింది. దేవదానం చొక్కా చెయ్యి దించుకుని గుమ్మం దాకా నడిచి, అక్కడ ఆగాడు. ఏదో అడగాలని ఉంది. అడగడం అలవాటు లేదు. బండోడి తల ఎత్తి పక్కన పెట్టి, ఒక చెప్పు తొడుక్కుని, అప్పుడు అడిగాడు.

“మీ ఊరి కమిషనర్ గారు ఏమన్నా రాత్తారా అమ్మా?”

“అబ్బే, రాయడు తాతా” అంది నర్సు. “పాడతాడు. వచ్చే నెల నుంచి ఏదో పోటీ పెడతన్నారంట, ఆవులున్నోళ్ళకి.”

దేవదానం రెండో చెప్పు తొడుక్కునే దాకా ఆగలేదు. చేత్తో పట్టుకుని, బండోణ్ణి ఆటోలోకి నెట్టి, తనూ ఎక్కాడు.